బావకో గిటారు

"మూడోసారి అడుగుతున్నాను. మీరు చెప్తారా, నేనే వెళ్ళి దాన్ని అడగనా?"

భోజనాల బల్ల మీద అట్టపెట్టె నోరు తెరుచుకుని ఉంది. లోపల పలచటి కాగితం మధ్య నాలుగు బిరడాలు. బేస్ గిటారు తీగలు బిగించేవి, నల్లటివి, అరచేతిలో పెట్టుకుంటే ఉన్నాయో లేవో తెలియనంత తేలికైనవి.

పెట్టె మీద చిరునామా ఆమె గిటార్లు చేసే పనిశాలదే. రోజూ వచ్చే సరుకే అనుకుని పొద్దున్నే కోసేసింది. లోపలి చీటీ మీద మాత్రం చెల్లెలి దుకాణం పేరుంది. దాని కింద ఆర్డరు గుర్తుగా 'బావ గిటారుకి' అని రాసి ఉంది. సరుకు పంపేవాడికి అక్కాచెల్లెళ్ళు విడిపోయిన సంగతి ఇంకా బుర్రకెక్కినట్టు లేదు, అలవాటుకొద్దీ పాత చిరునామాకే పంపేశాడు.

భర్త కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

కిటికీ దగ్గర బీన్స్ ఈనెలు తీస్తున్న అత్తగారు తలెత్తకుండానే అంది. "'మీరు' దాకా వచ్చిందంటే ఇవాళ పొయ్యి వెలగదు. ఇంకా ఎవరి కోసం ఒలుస్తున్నానో ఇవి."

పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమె భర్తను 'నువ్వు' అనే అంది. కోపం తలకెక్కినప్పుడే 'మీరు' అవుతాడు. అత్తగారి మాటకు మామూలుగా అయితే నవ్వేసేది. ఇవాళ నవ్వలేదు.

"గిటారు చేయించుకుంటున్నాను," అన్నాడతను చివరికి, కప్పులోకి చూస్తూ.

"ఎవరి చేత?"

"చీటీ మీద ఉందిగా."

"మీ నోటితో చెప్పండి."

"మీ చెల్లెలి చేత."

అత్తగారి చేతిలో బీన్స్ కాయ పుటుక్కున విరిగింది.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు," అందామె భర్తతో. "ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి నా చేతి గిటారు కోసం నెలల తరబడి కాచుకుంటారు. కట్టుకున్నవాడేమో రెండు వీధులు దాటి దాని దగ్గరికి వెళ్ళాడు. నేను చేసింది బాలేదా? ఇన్నేళ్ళూ కచేరీలన్నిటికీ భుజాన వేసుకుని ఊరేగారుగా?"

"బాలేదని కాదు..."

"మరి?"

అతను నీళ్ళు నమిలాడు. ఆ నమలడమే ఆమెను ఎక్కువగా మండించింది.

ఎందుకంటే గిటారు చేయించుకోవడం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. మొదట అతను ఆమెకు కస్టమరు. ఒళ్ళు ఏ చెక్కతో, మెడ ఏ చెక్కతో, మెడ మీద వేళ్ళు ఆనే మెట్లు సన్నవా లావువా, కింద తీగలు బిగించే బ్రిడ్జి బరువైనదా తేలికైనదా అని ఎదురెదురుగా కూర్చుని మూడు నెలలు మాట్లాడుకున్నారు. ఒక్కో భాగం ఎంచుకోవడానికి ఒక్కో సాయంత్రం పట్టింది. గిటారు పూర్తయ్యేసరికి కస్టమరు కాస్తా మొగుడయ్యాడు.

ఇప్పుడు ఆ సాయంత్రాలు చెల్లెలి దగ్గర గడుస్తున్నాయన్నమాట. 'రిహార్సల్ ఉంది' అని వెళ్ళిన ఆదివారాలన్నీ ఆమె కళ్ళముందు వరసగా నిలబడ్డాయి.

పెట్టె మూసి చంకన పెట్టుకుంది.

"ఎక్కడికి?" అన్నాడతను కంగారుగా లేస్తూ.

"సరుకు ఇచ్చి రావడానికి. దాని సొమ్ము నాకెందుకు?"

"నేను ఇచ్చొస్తాను. నువ్వు వెళ్ళకు."

"అంత చాటు వ్యవహారమా?"

ఆ మాటతో అతను మళ్ళీ కూర్చుండిపోయాడు.

చెల్లెలి దుకాణం ఒక ప్రింటింగ్ ప్రెస్ మీద అంతస్తులో ఉంది. కింద యంత్రం నడుస్తున్నంతసేపూ పైన నేల సన్నగా వణుకుతుంది. మెట్లెక్కుతుంటే అరికాళ్ళలోకి ఆ వణుకు పాకింది. ఆమె ఇక్కడికి రావడం ఇదే మొదలు.

చెల్లెల్ని చిన్నప్పుడు అందరూ బొంగరం అనేవారు, ఒక్కచోట నిలవదని. పదేళ్ళు అక్క పనిశాలలో పనిచేసి, పోయిన ఏడాది ఒకరోజు 'నీ చెయ్యి నీది, నా చెయ్యి నాది' అని ఉలుల పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మాటల్లేవు.

"అక్కా!" బొంగరం చిత్రిక వదిలేసి లేచింది. కస్టమర్లు కూర్చునే స్టూలును చున్నీతో తుడిచింది. "కూర్చో."

ఆమె కూర్చోలేదు. పెట్టెను బల్ల మీద పెట్టింది.

"నీ సరుకు నా గుమ్మంలోకి వచ్చింది. మనుషులు మాత్రం నీ గుమ్మంలోకి వస్తున్నారు."

చెల్లెలు పెట్టె వంక చూసింది. అర్థమైంది. ముఖంలో రంగు తగ్గింది.

"బావ చెప్పాడా?"

"చీటీ చెప్పింది. ఏదీ అది? చూడనీ."

దాచడానికి లేదు. గిటారు బల్ల మీదే ఉంది. రంగు లేదు, మెరుగు లేదు, పచ్చి చెక్క. తేలికైన తెల్లటి చెక్కతో ఒళ్ళు, దానికి బిగించిన మెడ, మెడ మీద అప్పటికే కూర్చోబెట్టిన మెట్లు. నడుము దగ్గర చెక్కను లోపలికి లాగిన తీరు, మోచెయ్యి ఆనేచోట అంచును ముంజేతికి తగ్గట్టు జార్చిన తీరు చూస్తూ ఆమె చుట్టూ తిరిగింది.

ఆమె తప్పు వెతుకుతోంది. వెతికే కంటికి తప్పు దొరక్కపోతే ఎంత మంటో ఆ పని చేసేవాళ్ళకే తెలుస్తుంది. మెడ ఒంటితో కలిసే అతుకు మీద గోరు పెట్టి లాగింది. గోరు ఎక్కడా ఆగలేదు. అంత బిగువైన అతుకు తన చేతిలోంచి ఎన్నిసార్లు వచ్చింది? రెండుసార్లు. మూడోసారి వచ్చిందని చెప్పుకోవడమే.

'నా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఇలా ఒక్కటీ చేయలేదు. దాచుకుందా?' కళ్ళల్లో కారం పడ్డట్టయింది.

తర్వాత మెడ మీద జానలు వేసి చూసి, ఊపిరి పీల్చుకుంది. దొరికింది.

"ఇదేమిటి? నాలుగంగుళాలు పొట్టిగా ఉంది. ముప్ఫై నాలుగు ఉండాల్సిన చోట ముప్ఫై వేశావ్."

"కావాలనే వేశాను."

"కావాలనా? చెక్క చూస్తే దూది. బిరడాలు చూస్తే దూదికి తమ్ముళ్ళు. ఆ పక్కన పెట్టినవి తీగలేనా? దారాలంత సన్నగా ఉన్నాయి. మా ఆయనకి గిటారు చేస్తున్నావా, ఆటబొమ్మ చేస్తున్నావా?"

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే పిల్ల తల వంచుకుని నిలబడింది. కింద యంత్రం ఆగింది. నేల వణుకు కూడా ఆగి గది ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది.

"నోరు పడిపోయిందా? ఇన్ని నెలలు నా మొగుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని..."

"అక్కా!" బొంగరం తలెత్తింది. "ఆ మాట అనకు. అన్నాక నువ్వు వెనక్కి తీసుకోవాలన్నా నేను తీసుకోనివ్వను."

ఆమె ఆగింది. ఆగి, చెల్లెలి ముఖం చూడలేక గోడ వైపు చూసింది.

గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద చెయ్యి ఆనించి చుట్టూ రంగు పెన్సిళ్ళతో గీసిన బొమ్మ. ఎడమచెయ్యి. పేరు రాయనక్కర్లేదు, పద్నాలుగేళ్ళు చూసిన చెయ్యి. బొటనవేలు కాస్త బయటికి వంగి ఉండే ఆ తీరు ఇంకెవరికీ లేదు.

ఆ రోజుల్లో చెయ్యి గీసుకుంటానంటే అతను ఆమెను గీయనివ్వలేదు. 'కాగితం ఎందుకు? పట్టుకుని చూడు, తెలుస్తుంది' అన్నాడు. ఆమె పట్టుకుని చూసింది. ఆ కొలతతోనే మెడ చెక్కింది.

ఇక్కడ మాత్రం గీయించుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఎర్ర గీత మీద 'వేసవి మొదట్లో' అని, నీలం గీత మీద 'పోయిన నెల' అని చెల్లెలి రాత.

రెండు గీతలూ ఒకటి కావు. నీలం చెయ్యి ఎర్రచేతి లోపల ఉంది. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య దూరం రెండు వేళ్ళంత తగ్గింది. ఉంగరంవేలు, చిటికెనవేలు పూర్తిగా చాపుకోలేదు. కొక్కేల్లా వంగి ఉన్నాయి.

"నువ్వు సరిగ్గా గీయలేదు," అంది.

"సరిగ్గానే గీశాను."

ఆమె తిరిగి చూసింది.

"బావ చెయ్యి నువ్వు పట్టుకుని చూసి ఎన్నాళ్ళయిందక్కా?"

ఆమె నీలం గీత మీద వేలు పెట్టింది.

"కణుపులు బిగుసుకుపోతున్నాయి. కీళ్ళ జబ్బు అన్నాడట డాక్టరు. కుడిచెయ్యి కూడా మొదలైంది. పెద్ద మెడ మీద వేళ్ళు చాలడం లేదు. నీ గిటారు గంటసేపు మోస్తే భుజం లేవడం లేదు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు." చెల్లెలు బల్ల కింది నుంచి ఇంకో మెడ తీసింది. మెట్లతో సహా పూర్తయిన మెడ. "మొదట ఇది చేశాను. ఇది అయ్యేసరికి దీనికి కూడా చెయ్యి చాలకుండా పోయింది. మళ్ళీ చెక్కాను."

జాలి రావాలి. వచ్చింది. కానీ దానికంటే ఒక్క క్షణం ముందు ఇంకొకటి వచ్చింది, ఆమె ఎవరితోనూ ఎప్పటికీ చెప్పుకోలేనిది. 'నాకంటే ముందు దీనికి తెలిసిందా!'

ఆమె మెట్లు దిగి వచ్చేసింది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అతను మధ్యాహ్నం రిహార్సల్‌కు తయారవుతున్నాడు. చొక్కా గుండీలు అత్తగారు పెడుతోంది. పై గుండీ దాకా వచ్చి, గుమ్మంలో కోడల్ని చూసి చేతులు దించేసింది.

"మీకూ తెలుసన్నమాట," అందామె.

"తల్లిని. వాడు గుండీలు పెట్టుకోవడం నేర్చుకున్న రోజూ నాకు తెలుసు, మర్చిపోయిన రోజూ తెలుసు." అత్తగారు ముఖం తిప్పుకుంది. "చెప్పొద్దన్నాడు. విన్నాను. వినకుండా ఉండాల్సింది."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, పని లేకపోయినా గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

ఆమె అతని ముందు నిలబడి పై గుండీ పెట్టింది. తర్వాత ఎడమచెయ్యి అందుకుంది. అతను లాక్కోబోయాడు. వదల్లేదు. కణుపులు గట్టిగా, వెచ్చగా, వేరుశనగ కాయల్లా తగిలాయి. రోజూ పక్కనే పడుకునే మనిషి. చెక్కలో వెంట్రుకంత పగులు ఉంటే చీకట్లో తడిమి చెప్పగల ఆడది తను.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చేసిన గిటారు మోయలేకపోతున్నానని నీకెలా చెప్పను?"

"నేనే తేలికైనది ఇంకోటి చేసేదాన్ని."

"చేసేదానివి. చేస్తూ రోజూ నా చెయ్యి చూసేదానివి. మీ చెల్లెలు చూస్తే అది కొలత. నువ్వు చూస్తే జబ్బు."

"అయితే నేను పరాయిదాన్ని."

"పరాయిదానివైతే ముందు నీకే చెప్పేవాణ్ణి," అన్నాడతను.

ఆ మాట మంచి మాటో చెడ్డ మాటో ఆమెకు తెలియలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అత్తగారు వింటోంది.

"ఇవాళ రిహార్సల్ లేదు కదూ?" అందామె. "బిరడాలు వచ్చాయని చెల్లి ఫోన్ చేసి రమ్మంది."

అతను తలూపాడు.

"నువ్వు అన్నం తిని రా. నేను ముందు వెళ్తాను," అంది. 'నువ్వు' అంది కానీ దాన్ని ఎవరూ గమనించలేదు.

ఈసారి మెట్లెక్కేసరికి చెల్లెలు బిరడాలు బిగించి, నాలుగు తీగలూ ఎక్కించేసింది. అక్కను చూసి చెయ్యి ఆపింది. ఈసారి స్టూలు తుడవలేదు.

"నాకూ ఏదో ఒక పని ఇవ్వు," అందామె. "మెట్ల అంచులు రుద్దుతాను. తీగల మోత పట్టే పికప్‌కి రాగితీగ చుడతాను. మెరుగు పెడతాను. ఏదైనా సరే."

"వద్దక్కా."

"వద్దా?"

"నువ్వు చెయ్యి పెడితే ఇది నీదైపోతుంది." బొంగరం గొంతు పెంచలేదు. "పదేళ్ళు నీ గిటార్లకి గరుకుకాగితం రుద్దాను. మెడలు సగం నేనే చెక్కాను. ఎవరైనా వచ్చి ఆహా అంటే 'నేను చేశాను' అనేదానివి. 'మేం చేశాం' అని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి అన్నావా? పక్కనే నిలబడి ఎంత కుళ్ళుకునేదాన్నో నీకేం తెలుసు."

ఆమెకు నిజంగానే తెలియదు. అసూయ తనకొక్కదానికే పుట్టిందనుకుంది ఇప్పటిదాకా.

చెల్లెలు స్టూలును గోడ వైపు తిప్పింది.

"చెయ్యి వద్దు. కావాలంటే చెవి ఇవ్వు. పికప్ ఇంకా తేల్చుకోలేదు. రెండున్నాయి. నేను వినీ వినీ చెవి మొద్దుబారిపోయింది. గోడ వైపు తిరిగి కూర్చో. ఏది ఏదో చెప్పను."

ఆమె కస్టమర్ల స్టూలు మీద గోడకేసి కూర్చుంది. వెనక వైర్లు కలిపే చప్పుడు, యాంప్ స్పీకరు సన్నటి హూంకారం.

"మొదటిది."

చెల్లెలు తీగ లాగింది. ఆమె వెన్ను నిటారుగా అయింది. ఆ గొంతు తనకు తెలుసు. అతని పాత గిటారుకి చుట్టినప్పుడే, ఎందుకైనా మంచిదని ఇంకోటి చుట్టి సొరుగులో పడేసిన పికప్ అది. ఉలులతో పాటు బొంగరం పెట్టెలోకి ఎప్పుడు చేరిందో! లోతుగా, వెచ్చగా, గొంతు సవరించుకుని మాట్లాడే మగవాడిలా ఉంది. అతను మొదటిసారి వాయించి చూపించినప్పుడు తను చిత్రిక పట్టడం మర్చిపోయి విన్నది ఆ గొంతునే.

"ఇప్పుడు రెండోది."

ఇది పలచన. ఆ వెచ్చదనం లేదు.

"ఈసారి మెల్లగా మీటుతాను. బావ మీటినట్టు."

మెల్లగా మీటితే మొదటిది సగం స్వరాన్ని గుటకేసి మింగేసింది. ఆ రోజుల్లో అతను తీగను గట్టిగా లాగేవాడు. ఆ చేతికి తగ్గట్టు చుట్టిన పికప్ అది. గట్టిగా లాగితేనే పలుకుతుంది. రెండోది అలా కాదు. వేలు తాకీ తాకకముందే స్పష్టంగా పలికింది. ఆ సన్నటి తీగలకూ, ఆ పొట్టి మెడకూ, ఆ చేతికీ సరిగ్గా సరిపోయే పికప్. చెల్లెలే చుట్టి ఉంటుంది. మూడోసారి వినక్కర్లేదు.

"ఏదక్కా?"

గోడ మీద ఎర్రచెయ్యి, నీలం చెయ్యి ఆమె కళ్ళకు ఎదురుగానే ఉన్నాయి.

"మొదటిది," అందామె.

వెనక వైర్లు కదిపే చప్పుడు ఆగింది.

"నిజంగానా?"

"నా చెవి ఎప్పుడైనా తప్పు చెప్పిందా?"

లేదు. ఎప్పుడూ చెప్పలేదు. అది బొంగరానికి తెలుసు. రెండోదాన్ని తీసి ఒక గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. సోల్డరింగ్ పొగ వాసన గదంతా పాకింది.

అతను వచ్చేసరికి గిటారు వాయించి చూడటానికి సిద్ధంగా ఉంది. మెట్లెక్కి వచ్చినవాడు అక్కాచెల్లెళ్ళిద్దరినీ ఒకే గదిలో చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పికప్ అక్క ఎంచింది బావా!" అంది చెల్లెలు. ఏడాది తర్వాత ఆ పిల్ల ముఖంలో సంతోషం దాచుకోకుండా బయటపడింది. "కూర్చుని వాయించు."

అతను గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. తీసుకోగానే ఆ తేలికదనానికి నవ్వొచ్చింది అతనికి. ఎడమచెయ్యి పొట్టి మెడ మీద పడింది. నాలుగు వేళ్ళూ అందాల్సిన చోట అందాయి. కుడిచేత్తో మీటాడు.

సగం స్వరం గుటకలోనే పోయింది.

ఇంకోసారి, కాస్త గట్టిగా లాగాడు. ఈసారి ఆ పాత గొంతు పలికింది, లోతుగా, వెచ్చగా. అతను తలెత్తి భార్య వైపు చూశాడు. కళ్ళు చెమర్చాయి. "నువ్వు చుట్టిందే కదూ ఇది? పోల్చుకోలేననుకున్నావా?"

ఆమె గోడ మీది చేతుల వైపు తిరిగింది.

"బాగుంది. ఇదే ఉంచేద్దాం," అన్నాడతను. మళ్ళీ లాగాడు. దవడ బిగుసుకుంది. "కొంచెం గట్టిగా లాగాలి, అంతే. అలవాటైపోతుంది."

మళ్ళీ లాగాడు. మళ్ళీ.

బొంగరం బావ ముఖం చూడటం లేదు. తీగ లాగిన ప్రతిసారీ వణుకుతున్న కుడిచేతి వేళ్ళను చూస్తోంది. కాసేపటికి ముఖంలోని సంతోషం కాస్తా ఆరిపోయింది. గుడ్డలో చుట్టిపెట్టిన పికప్ వైపు చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా కళ్ళెత్తి అక్క వైపు చూసింది.